జీన్‌ను ఆపే చేతికి కూడా ఒక స్విచ్ ఉంది



సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి బయాలజీలో ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫెరెన్స్‌కు దక్కిన చోటు చాలా తక్కువ. పొగాకు వేర్లను పట్టే నెమటోడ్ పురుగు కథ ఒక్కటే. నీట్‌కు ఒక బిట్ కదా అని పిల్లలు బట్టీ కొట్టేస్తారు. "అంతకు మించి ఎందుకు మేడమ్?" అని మీలో కొందరు అడుగుతుంటారు. ఎందుకో చెప్తాను.

మన కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్న డీఎన్‌ఏ ఒకటే. తేడా ఎక్కడంటే, ప్రతి కణం తనకు అక్కర్లేని జీన్స్‌ను ఆపి ఉంచుతుంది. ఆపే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, డీఎన్‌ఏ నుంచి బయల్దేరిన ఎంఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని ప్రోటీన్ తయారవకముందే పట్టుకోవడం. పట్టుకునే ప్రోటీన్ పేరు ఆర్గోనాట్. దాని దగ్గర ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఉంటుంది. హాల్‌టికెట్ ఫొటోతో ముఖాన్ని పోల్చినట్టు, ఆ ముక్కతో జత కుదిరిన సందేశాన్నే పట్టుకుంటుంది. ఈ రంగానికి 2006లోనూ, 2024లోనూ నోబెల్ వచ్చింది.

పుస్తకం ఇంత లోతుకు వెళ్లదు. నాకు నచ్చే భాగం మాత్రం ఇక్కడే మొదలవుతుంది. ఆర్గోనాట్ ఒకే సందేశానికి అతుక్కుపోతే? ఇన్విజిలేటర్ ఒకే బెంచీ దగ్గర నిలబడిపోతే మిగతా హాలు సంగతేమిటో మీకు తెలుసు! అందుకే ఆర్గోనాట్ సందేశాన్ని పట్టుకోగానే సీకే1 ఆల్ఫా అనే ఎంజైమ్ దాని మీద ఫాస్ఫేట్లు అతికిస్తుంది. ఫాస్ఫేట్‌ది నెగటివ్ చార్జి, ఆర్‌ఎన్‌ఏదీ నెగటివ్ చార్జే. రెండూ వికర్షించుకోవడం వల్లే పట్టు సడలుతుందని శాస్త్రవేత్తల అంచనా. తర్వాత పీపీ6 అనే మరో ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్లను తీసేస్తుంది. ఆర్గోనాట్ ఇంకో సందేశం మీదికి వెళ్తుంది. 2017లో నేచర్ పత్రికలో ఈ పరిశోధన వచ్చింది. తీసేసే ఎంజైమ్ లేకుండా చేస్తే, ఆర్గోనాట్ ఉన్నా సందేశాలను సరిగా పట్టలేకపోయింది. అంటే అతికించడమే కాదు, వేళకు తీసేయడమూ అంతే ముఖ్యం.

ఇది ల్యాబ్‌కే పరిమితమైన విషయం కాదు. చెడు కొలెస్ట్రాల్ తగ్గించే ఇంక్లిసిరాన్ ఇంజెక్షన్ కాలేయ కణాల్లోని ఆర్గోనాట్‌కు కొత్త ముక్క అందిస్తుంది. దాంతో పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ సందేశం దొరికిపోతుంది. మొదటి రెండు డోసులయ్యాక ఆరు నెలలకోసారి తీసుకుంటే చాలు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా డాక్టర్ అది రాసి ఉంటే, ఆ చీటీ పిల్లలకు చూపించండి. పేరు చివర "సిరాన్" ఎందుకుందో వాళ్లనే చెప్పమనండి.