బాలికలు – వసంతపు హైకూలు

మా రంపచోడవరపు కొండలకు వసంతము పంచాంగముకంటె ముందుగనే వచ్చును. ఉగాదికి నెలనాళ్లు ముందే మోదుగచెట్లు ఆకు రాల్చి యెఱ్ఱగా పూచును. ఇప్పచెట్లు రాత్రివేళ విచ్చి, తెల్లవారుజామున తెల్లని పూలను నేల రాల్చును. బడికి పోవలసిన పిల్లలు పలువురు ఆ వేళకు బుట్టలు పట్టుకొని, తల్లులతోగూడ చెట్ల క్రింద నుందురు. ఇట్టి పిల్లలను వసంతమునుగూర్చి వ్రాయుడన్నచో, ఎన్నడును చూడని మలయమారుతమును, తుమ్మెదల ఝంకారమును వ్రాసి తెత్తురు! తమ యింటి మాటలు కవిత్వమునకు తగవని వారి భయము. ఈ భయమును పోగొట్టుటకు హైకూకు మించిన సాధనము నాకు కనబడలేదు.

హైకూ జపానువారి చిఱుకవిత. దీనికి బషో (1644-1694) గొప్ప గౌరవము తెచ్చెను. ఆ పేరు మాత్రము షికి (1867-1902) మూలమున స్థిరపడినది. ఋతువును సూచించు మాట యొకటి యందుండుట ఆచారము. తెలుగున, కాకినాడలో కళాశాలాధ్యాపకులై యుండిన ఇస్మాయిల్‌గారు (1928-2003) 1997లో 'కప్పల నిశ్శబ్దం' అను హైకూల సంపుటమును వెలువరించిరి. 5, 7, 5గా పదునేడక్షరములుండవలెనని మనలో కొందఱు పట్టుపట్టుదురు. జపానువారు లెక్కించునది మన మాత్రవంటిది, దీర్ఘమునకు రెండు. కనుక అక్షరసంఖ్యకై పిల్లలను వేధించుట నా కిష్టము లేదు.

మావారి బడిలో చదువు బాలికలు నలుగురైదుగురు ఆదివారమునాడు మా యరుగుమీద చేరుదురు. వారికి నేను చెప్పునది స్వల్పము: కంటితో చూచినదానిని, చెవితో విన్నదానిని చెప్పుడు; సంతోషము, సౌందర్యము అను మాటలు వాడకుడు; 'వలె' అనకుడు. ఒక పిల్ల మోదుగపూవు నిప్పువలె నున్నదని వ్రాసినది. చెట్టు క్రింద నేమున్నదని యడిగితిని. రాలిన పూలను మేక తినుచున్నదనెను. "అదియే వ్రాయు" మంటిని.

నియమములు చెప్పినదానను నేనే తప్పితిని. చిన్ననాట మా నాయనగారి యొద్ద వసుచరిత్రము చదివినదానను. అందలి వసంతవర్ణన నన్నింకను విడువలేదు. కాబోలు, ఒక కోయబాలిక యీ క్రింది మూడు పాదములు వ్రాసి తేగా నా చేయి యూరకుండలేదు.

ఇంకా చీకటి
ఇప్పచెట్ల నడుమ
అమ్మ టార్చిలైటు

టార్చిలైటు కవిత్వమున నేమి బాగుండునని దానిని కొట్టివేసి, 'వనలక్ష్మి చేతి దివ్వె' యని దిద్దితిని. ఆ పిల్ల చాలసేపు కాగితమువంక చూచి, మెల్లగా, "బాగుందండి అమ్మగారూ. కాని అది మా అమ్మ కాదండి" అన్నది.

నాకు తల వంగిపోయినది. పిల్లకు భయము మాన్పుదునని కూర్చుండి, ఆ భయమునే యెఱ్ఱసిరాతో వ్రాసి యిచ్చితిని గదా! దిద్దుబాటును నా చేతనే కొట్టివేయించి, ఆమె తన మాటలనే మరల వ్రాసికొన్నది. తుదిపాదమున నొక యక్షర మెక్కువ. దాని జోలికి నేను పోలేదు.

మరుసటి వారము, ఇంటిలో చదివి వినిపించితివా యని యడిగితిని. వినిపించినదట. తల్లి పూలు ఆరబోయుచునే విని, "బ్యాటరీ అయిపోయిందని కూడా రాయకపోయావా" అని నవ్వినదట.