సైకిల్ చక్రం వంకరపోయిందా? బెండు తీయించాలా, మార్చాలా?

ఈ ఎపిసోడ్‌ల సైకిల్ చక్రం గురించి మాట్లాడుకుందాం. గుంతల పడ్డది, రిమ్ము వంకరపోయింది, తిప్పితే బ్రేకుకు రాసుకుంటుంది. షాపుకు తీసుకపోతే ఒకాయన "బెండు తీస్తా, అయిపోతది" అంటడు. పక్క షాపాయన "ఇది పనికిరాదు, కొత్తది ఎయ్యాలె" అంటడు. ఎవరి మాట వినాలె? రోజూ బడికో, సాంచాల కార్ఖానకో సైకిల్ మీదనే పోయేటోళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఊకెనే మార్పిస్తే పైసలు దండుగ. మార్చాల్సింది మార్చకపోతే ముందు చక్రం నడిరోడ్డు మీద కూలబడుతది, మూతి పళ్లు రాలుతయి.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకోవాలె. చక్రాన్ని సక్కగ నిలబెట్టేది రిమ్ము కాదు, పుల్లలు. అంటే స్పోక్స్. పుల్లలు లేని రిమ్మును చేతుల పట్టుకుంటే అది వంచితే వంగే కడియం, అంతే. సగం పుల్లలు దాన్ని ఎడమ దిక్కు గుంజుతయి, సగం కుడి దిక్కు గుంజుతయి. రెండు గుంజుళ్లు సమానంగ ఉన్నన్ని రోజులు రిమ్ము నడుమల నిలబడుతది. నులక మంచం చూసిన్రా? నులక ఒక దిక్కు ఎక్కువ గుంజి కడితే ఒక కోడు నేలకు ఆనకుండ లేస్తది. పట్టె విరగలేదు, కోడు పోలేదు, గుంజుడు తేడా వచ్చింది. చక్రం కూడా గట్లనే.

కాబట్టి అసలు ప్రశ్న "ఎంత వంకర ఉంది" అని కాదు. గుంజుడు చెడిందా, లోహమే చెడిందా? గుంజుడు చెడితే బాగయితది. లోహం చెడితే మార్చాలె.

ఇది తెలుసుకోవడానికి మెకానిక్ కానక్కరలేదు. సైకిల్‌ను తలకిందులు చేసి పెట్టండి. మొట్టమొదట రిమ్మును పట్టుకొని అటూ ఇటూ ఊపండి. టకటక అని ఆడితే అది బెండు కాదు, హబ్బుల కోన్లు లూజయినయి. బిగిస్తే అయిపోతది. దీన్ని రిమ్ము వంకర అనుకొని కొత్త చక్రం కొనేటోళ్లు ఉంటరు, అందుకే ముందుగా చెప్తున్న.

ఆడకపోతే, వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి ఫోర్కుకు కట్టి, దాని మొన రిమ్ముకు తగిలీ తగలనట్టు ఉంచండి. చక్రం మెల్లగ తిప్పుతూ ఫోన్‌ల స్లో మోషన్ వీడియో తీయండి. రిమ్ము పక్కకు ఊగుతుందా, పైకి కిందికి ఎగురుతుందా అన్నది కంటికంటే వీడియోల మంచిగ కనబడుతది. పక్క ఊగుడు మామూలే, చాలాసార్లు తీయొచ్చు. ఒక్కచోట లోపలికి సొట్టపడి చక్రం ఎగురుతుంటే కష్టం.

తర్వాత పుల్లలను ఒక్కొక్కటి వేలితో మీటండి. ఒక దిక్కు పుల్లలన్నీ దాదాపు ఒకటే శబ్దం ఇయ్యాలె. వెనుక చక్రంల కుడి దిక్కు, ఎడమ దిక్కు తేడా ఉండొచ్చు, అది వేరే. కానీ ఒకటే దిక్కుల ఒకటి టింగుమని, పక్కది థప్పుమని పలికితే గుంజుడు తేడా వచ్చినట్టే.

ఇగ అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష షాపుల చేయించేది. వంకర ఉన్న చోట పుల్లలను రెండు చుట్లు లూజు చేయమనండి. రిమ్ము దానంతట అదే సక్కదనానికి వస్తుంటే బాగయితది. పుల్లలు లూజయినా వంకర అట్లనే ఉంటే లోహం వంగింది. ఈ మాట అడిగితే షాపాయన మిమ్మల్ని కొంచెం వేరే తీరుగ చూస్తడు, మంచిదే.

ఇప్పుడు మన దిక్కు కనబడే మూడు సైకిళ్లు తీసుకుందాం.

జగిత్యాల చుట్టు ఊర్లల్ల రైతు నడిపే పాత నల్ల సైకిల్ అనుకుందాం. 28 ఇంచుల చక్రం, స్టీల్ రిమ్ము, కడ్డీ బ్రేకు. ఇసొంటి సైకిల్‌కు ముందు 32, వెనుక 40 పుల్లలు ఉండుడు పాత రివాజు, ఎందుకంటే క్యారియర్ మీది గడ్డిమోపు బరువంతా వెనుక చక్రం మీదనే. కడ్డీ బ్రేకు రబ్బరు రిమ్ము పక్కలకు కాదు, హబ్బు దిక్కు ఉండే లోపలి అంచుకు పట్టుకుంటది. అందుకని కొద్దిగ పక్క ఊగుడు ఉన్నా నడుస్తది. స్టీల్ కాబట్టి కొద్దిపాటి వంకరను వంచి సక్క చేయొచ్చు. నా ఓటు బాగు చేయించుడికే. ఒక్క షరతు: నిపుల్ రంధ్రాల చుట్టు తుప్పు తిని పెచ్చులూడుతుంటే మాత్రం వదిలేయాలె. పొలం బురద, నీళ్లు రిమ్ము లోపల నిలిస్తే తుప్పు లోపలి నుంచి తింటది, బయటికి మెరుస్తనే ఉంటది. టైరు విప్పి చూడండి.

రెండోది కోరుట్లల ఇంటర్ చదివే పిల్లగాని 26 ఇంచుల గేర్ల సైకిల్. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగ పోయే 63వ నంబర్ జాతీయ రహదారి మీద స్పీడుగ పోతూ గుంతల దించిండు. అల్యూమినియం రిమ్ము అయితే ఇక్కడ నేను మెత్తగ మాట్లాడ. అల్యూమినియం స్టీల్ లెక్క పదిసార్లు వంగి లేవదు, సుత్తితో కొడితే పగులు వస్తది. అంచు సొట్టపడ్డదా, పుల్ల రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులు ఉందా? గోరుతో గీకి చూడండి. బ్రేకు రాసి రాసి పక్క గోడ గుంట పడ్డదా? వీటిల ఏ ఒక్కటి ఉన్నా మార్చుడే, అదీ ముందు చక్రమయితే ఆలోచనే వద్దు. వెనుక చక్రం కూలితే సైకిల్ ఈడ్చుకుంటూ ఆగుతది, ముందుది కూలితే మీరు హ్యాండిల్ మీదికెళ్లి పోతరు.

మార్చేటప్పుడు "26 ఇంచులు" అని చెప్పి తేవొద్దు. 26 పేరుతోనే వేర్వేరు కొలతలు ఉన్నయి, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. టైరు పక్కన అచ్చు వేసిన నంబర్ చూడండి, 50-559, 37-590 అట్ల ఉంటది. రెండో సంఖ్య కలవాలె. 28కి కూడా ఇదే గోల: పాత నల్ల సైకిల్‌ది 635, కొత్త హైబ్రిడ్ సైకిళ్లది 622. ఆ నంబర్‌ను ఫోటో తీసుకొని పోండి. పుల్లల రంధ్రాలు ఎన్నో కూడా లెక్కపెట్టుకోండి.

మూడోది సిరిసిల్ల. సాంచాల కాడ రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే టప్పున పుల్ల తెగింది. ఒకటి తెగితే ఒకటి వేయించుకోండి, పెద్ద ముచ్చట కాదు. కానీ నెలల మూడోసారి తెగితే, అదీ హబ్బు దగ్గర వంపు కాడనే తెగుతుంటే, మిగతావి కూడా అలసిపోయినట్టే. పుల్లలు లూజుగ ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారి సాగుతయి, ముడుస్తయి. తీగను చేత్తో అటూ ఇటూ వంచి తెంపినట్టే. రిమ్ము మంచిగుంటే రిమ్ము, హబ్బు ఉంచి పుల్లలన్నీ కొత్తవి వేయించాలె. "కొత్త చక్రం తీసుకో" అంటే ఒప్పుకోవద్దు.

పైసల సంగతి. షాపుల మూడు ధరలు విడివిడిగ అడగండి: బెండు తీసుడుకు ఎంత, రిమ్ము మాత్రమే మార్చుడుకు ఎంత, పూర్తి చక్రానికి ఎంత. రిపేరు ఖర్చు పూర్తి చక్రం ధరల సగం దాటితే నేనయితే కొత్తదే తీసుకుంట. పాత హబ్బు జారుడు మంచిగ ఉంటే మాత్రం నడిమిది, అంటే రిమ్ము మార్చుడు మేలు.

దారిల వంకరపోతే రిమ్మును నేలకు ఆనించి కాలుతో తొక్కి సక్క చేస్తరు కదా, అది ఇల్లు చేరేదాక మాత్రమే. మీరే ఇంట్ల నిపుల్ తిప్పుదామనుకుంటే టైరు దిక్కు నుంచి చూస్తూ గడియారం ముల్లు దిక్కుకు తిప్పితే బిగుస్తది. రిమ్ము ఎడమకు పోతే కుడి పుల్లలు బిగించాలె, ఎడమవి వదలాలె. ఒకసారికి పావు చుట్టు, అంతే. తుప్పు పట్టి తిరగకపోతే ముందురోజు రాత్రి ఒక్కో నూనె చుక్క వేసి ఉంచండి, బలవంతం చేస్తే పుల్ల మెలిపడి తెగుతది.

బెండు తీయించినా, కొత్త చక్రం వేయించినా, రెండు వారాలు తొక్కినంక మళ్లా షాపుకు పోయి పుల్లలు చూపించండి. కొత్తగ కట్టిన పుల్లలు సర్దుకొని లూజయితయి, కంపెనీ నుంచి వచ్చిన రెడీమేడ్ చక్రాలయితే ఇంకా ఎక్కువ. అప్పుడు ఐదు నిమిషాల పని. పోయేటప్పుడు మొదటి వీడియో ఫోన్‌ల ఉంచుకొని, అదే ట్యాగ్ కట్టి మళ్లా ఒకటి తీయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.