మొలవని శంఖపుష్పపు గింజ

శంఖపుష్పపు గింజలు పది యొకేనాడు నాటినచో, కొన్ని వారము పదిదినములలో మొలకెత్తును. కొన్ని నెల గడచినను రాళ్లవలె నుండును. గింజలు చచ్చినవని తలచి కొందరు పాదును త్రవ్వివేయుదురు. నిజమునకు వానిలో చాలవరకు ప్రాణముతోనే యుండును. నీటిని మాత్రము లోనికి రానీయవు.

దింటెన యనియు పిలువబడు ఈ తీగ చిక్కుడు, కంది, పెసరల కుటుంబమునకు చెందినది. 1753లో లినేయస్ దీనికి క్లిటోరియా టెర్నేటియా యని పేరిడెను. ఇండోనేషియాలోని టెర్నాటే దీవి పేరు ఇందులో కలదు.

గింజ పొట్టులో సన్నని స్తంభములవంటి కణములు సందులేకుండ నిలువుగా పేర్చబడి యుండును. గింజ బాగుగ నెండినచో ఈ పొర నీటికి అభేద్యమగును. పగటి వేడిమి, రాత్రి చల్లదనము, మట్టి రాపిడి దానిని క్రమముగా సడలించును. అన్ని గింజలకు నిది ఒక్కసారిగా జరుగదు.

దీనివలన ప్రయోజనమేమి? నంద్యాల జిల్లాలో (2022కు పూర్వము కర్నూలు జిల్లా) కుందూనది ప్రాంతమందలి కోయిలకుంట్ల నల్లరేగడిని చూడుడు. తొలకరి వాన పడును. పిదప ఒక్కొక్కయేడు వారముల తరబడి చినుకుండదు. నేల నెర్రెలు విచ్చును. మొదటి వానకే అన్నియు మొలచినచో అన్నియు మాడిపోవును. మొలవక నిలిచిన గింజలే తరువాతి వానకు వంశమును నిలుపును. రైతు జొన్నలను పాతరలో దాచినట్లు, ఈ తీగ తన సంతానమును పొట్టులో దాచుకొనును.

పెరటిలో నీరు పోయగలవారికి ఈ జాగ్రత్త అక్కరలేదు. గింజను కన్ను లేని వైపున గరుకు రాతిపై, పొట్టు రంగు పోవునంతవరకు మెల్లగా రుద్దవలెను. కన్నువద్ద మొలక యుండును గనుక అచట రుద్దరాదు. రాత్రి నానవేసి, ఉబ్బినవానిని అంగుళము లోతున నాటవలెను. ఉబ్బనివానిని మరల రుద్దవలెను. వేరు లోతుగా దిగును గావున పందిరి మొదటనే నాటుట మంచిది. గింజలు విరేచనము కలిగించును, పిల్లలకు అందనీయరాదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు బంకనేలలలో దీనిని పశువుల మేతకై పెంచుదురు. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించుటచే నేలకును మేలు కలుగును. వానను నమ్మి చేలో చల్లువారు సగము గింజలనే రుద్ది, తక్కినవానిని అట్లే కలుపుట మేలు. మొదటి వాన మోసగించినను విత్తనమంతయు పోదు.

కాయలు ఎండి గడ్డిరంగుకు తిరిగినంతనే కోసి గింజలు దాచుకొనుడు. ఆలసించిన అవి చిట్లి చిందిపోవును. ఈసారి గింజ మొలవనిచో పాదు త్రవ్వివేయకుడు; ముందు దాని పొట్టును పరీక్షింపుడు.