డయాలసిస్ మొదలయ్యాక పాత పథ్యం పనికిరాదు

ఈ వారం గూళ్ల ధర పక్కన పెట్టి డయాలసిస్ గురించి రాస్తున్నాం. శిడ్లఘట్ట, చింతామణి, విజయపుర వైపు నుంచి వారానికి రెండు మూడుసార్లు బెంగళూరు బస్సెక్కే కిడ్నీ రోగులు మన ఇళ్లల్లోనూ ఉన్నారు.

మా చిన్నాన్నకు కిడ్నీ చెడిందని తెలిసిన కొత్తలో పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమన్నారు. అప్పటికి అది సరైన మాటే. ప్రోటీన్ అరిగాక వచ్చే యూరియాను చెడిన కిడ్నీ బయటికి పంపలేదు కదా. డయాలసిస్ మొదలయ్యాక కూడా మేము అదే పట్టుకుని కూర్చున్నాం. రోజూ చారన్నమే. ఏడాది తిరిగేసరికి చేతులు పుల్లల్లా అయిపోయాయి. చంద్రికలు మోసిన మనిషి, చేతులు ఆనించకుండా మంచం మీద నుంచి లేవలేకపోయారు.

మెషిన్ మలినాలతో పాటు మంచివీ లాగేస్తుంది. ఒక్కసారి డయాలసిస్‌కు 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు పోతాయి, అంటే ఒకటి రెండు గుడ్ల ప్రోటీనంత. దానికి తోడు రక్తంలో ఆమ్లం పెరిగినా, ఇన్ఫెక్షన్ ఉన్నా కండ కరుగుతుంది. నోరు చేదెక్కి ఆకలీ ఉండదు. నాలుగో జ్వరం లేచాక ఆకు తగ్గిస్తే గూడు పలుచనవుతుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదీ అంతే.

మేము రెండు చోట్ల మోసపోయాం. ఒకటి తూకం. కండ రెండు కిలోలు తగ్గినా ఆ జాగాలో నీరు చేరితే కాటా అంతే చూపిస్తుంది. అందుకే నీరు తీసేశాక ఉండాల్సిన బరువును, అంటే డ్రై వెయిట్‌ను, డాక్టరు మళ్లీ మళ్లీ సరిచూడాలి. పాత లెక్కే ఉంచితే నీరు ఒంట్లో మిగిలి బీపీ, ఆయాసం వస్తాయి. రెండోది క్రియాటినిన్. అది తగ్గిందని ఇంట్లో అందరం సంతోషించాం. క్రియాటినిన్ కండ నుంచే వస్తుంది. సరిగ్గా తినని డయాలసిస్ రోగిలో అది నెలనెలా తగ్గుతుంటే కండ పోతోందేమో చూడాలి. ఆల్బుమిన్ 3.8 కంటే తగ్గినా డాక్టర్ను అడగాలి.

డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. అన్నం, చారుతో అది రాదు. గుడ్డు తెల్లసొన మేలు, ఫాస్ఫరస్ చాలా తక్కువ. చేప, కోడి, పప్పు, పెరుగు ఎంతెంత అన్నది రక్త పరీక్ష చూసి డైటీషియన్ చెప్పాలి. రాగి ముద్దలో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఉన్నాయి కాబట్టి దాని కొలతా అడగండి. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయాలి. ఎండకు నీరసంగా ఉన్నారని ఎళనీరు ఇవ్వకండి, పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. ఫాస్ఫరస్ మాత్ర రాసిస్తే భోజనంతో పాటే వేసుకోవాలి.

రీలింగ్ దగ్గర దొరికే ప్యూపా పెట్టొచ్చా అని ఇద్దరు అడిగారు. అస్సాంలో ఎరి ప్యూపా తింటారు, ప్రోటీన్ ఉన్న మాట నిజమే. కానీ ఫాస్ఫరస్ ఉంటుంది, కొందరికి అలర్జీ కూడా. కిడ్నీ రోగికి సొంత ప్రయోగం వద్దు. జిమ్ పౌడర్లూ అంతే.

మెషిన్ మీద నాలుగు గంటలు రాస్తే నాలుగూ పూర్తి చేయించండి. బస్సు పోతుందని ముందే లేపుకు రావడం మేమూ చేశాం. మలినాలు మిగిలితే ఆకలి ఇంకా చస్తుంది. పురుగు పెద్దదై మేత ముమ్మరంగా ఉన్న రోజుల్లో రోగిని ఒంటరిగా పంపితే తిండి తప్పుతుంది, డబ్బా కట్టివ్వండి. మెషిన్ మీద ఉండగా తినొచ్చా అని మాత్రం అక్కడే అడగాలి, కొందరికి బీపీ పడిపోతుంది. తోట గట్టున కొంచెం నడిపించండి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించండి. ఫిస్టులా ఉన్న చేత్తో ఆకు మోపు ఎత్తనివ్వకండి.

ఖర్చుకు వెనకాడేవాళ్లు ఉంటే, 2016లో వచ్చిన జాతీయ డయాలసిస్ పథకం కింద జిల్లా ఆసుపత్రుల్లో బీపీఎల్ కుటుంబాలకు డయాలసిస్ ఉచితం. బెంగళూరులో విక్టోరియా ఆవరణలో ప్రభుత్వ నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది. ఈసారి వెళ్లినప్పుడు డ్రై వెయిట్ ఎప్పుడు మార్చారు, ఆల్బుమిన్ ఎంత, రోజుకు ఎన్ని గుడ్లు పెట్టొచ్చు అన్న మూడూ చీటీ మీద రాయించుకు రండి.