ఒక్కమారు చెల్లు సంఖ్య

గత సంవత్సరము విద్యార్థివేతనముల దరఖాస్తులు నింపుచున్న దినములలో ఒక విద్యార్థి తండ్రి తన ఫోను తీసికొని మా పాఠశాలకు వచ్చిరి. కంప్యూటరు ఆరంకెల సంఖ్య నొకదానిని అడిగినది. కుమారుడు ఫోనులో చూచి చదివినాడు, అది చెల్లలేదు. మరల చదివినాడు; అదియు చెల్లలేదు. మూడవమారును తప్పిన పిమ్మట ఆ పూటకు దరఖాస్తు నిలిచిపోయినది. మేము ఫోను తీసి చూడగా ఒకే పేరు క్రింద అనేకములైన పాత సందేశములున్నవి. బాలుడు చదివినవి వెనుకటి దినములలో వచ్చిన సంఖ్యలు. "అన్నీ ఒకే మాదిరి ఉండాయి సార్, కొత్తది ఏదో ఎట్ల తెలిసేది?" అని ఆ తండ్రి అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానముగా ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఓటీపీ అనగా నేమి?

ఓటీపీ అనగా ఒక్కమారు మాత్రమే చెల్లు సంకేతసంఖ్య. పాస్‌వర్డు మనము మార్చుకొనువరకు అదియే ఉండును. ఈ సంఖ్య మాత్రము పనిపనికిని మారును. అడుగుచున్న మనిషి చేతిలోనే ఆ ఫోను ఉన్నదని ఋజువు చేయుటకే దీనిని పంపుదురు. ఇంటర్నెట్టులో కార్డుద్వారా సొమ్ము చెల్లించునప్పుడు, కార్డుపై కనబడు వివరములు చాలవనియు, దానిపై లేని మరియొక గుర్తు కూడ కావలెననియు రిజర్వుబ్యాంకు విధించిన నియమము 2009 ఆగస్టు 1 నుండి మన దేశమున అమలునకు వచ్చినది. ఆ రెండవ గుర్తుగా ఈ సంఖ్య వాడుకలో స్థిరపడినది. దీని ఆయువు స్వల్పము. ఆధార్ పనులకు వచ్చు సంఖ్య 10 నిమిషములు మాత్రమే చెల్లును.

ఇందొక చిన్న లెక్క ఉన్నది. 000000 మొదలు 999999 వరకు గల ఆరంకెల సంఖ్యలు మొత్తము 10 లక్షలు. మూడుమారులు మాత్రమే అవకాశమిచ్చినచో, ఊహించి చెప్పదలచినవానికి 10 లక్షలలో మూడు సంఖ్యలే పరీక్షించుటకు వీలగును. కావున మోసగాడు ఊహింపడు, మననే అడుగును. ఈ మాట విద్యార్థులు మరువరాదు.

పాతవానిని తుడిచివేయుట

గడువు దాటిన ఓటీపీ నిన్నటి బస్సుటిక్కెట్టు వంటిది. దానితో ఎవ్వరును ప్రయాణము చేయజాలరు. అయినను జేబునిండ పాత టిక్కెట్టులున్నచో నేటి టిక్కెట్టు దొరకదు. అట్లే ఈ రాశిలో బ్యాంకునుండి సొమ్ము తీయబడినదని తెలుపు ముఖ్యమైన సందేశము కూడ కంటబడక పోవచ్చును.

గూగుల్ మెసేజెస్ వాడువారు దానిని తెరచి, పైన తమ పేరుగల గుండ్రని గుర్తును నొక్కి, సెట్టింగ్స్‌లో మెసేజ్ ఆర్గనైజేషన్ అను వరుసలోనికి పోవలెను. అక్కడ 24 గంటల పిమ్మట ఓటీపీలను తనంతట తుడిచివేయు ఏర్పాటు కలదు. ఐఫోనులో 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుండి ఇట్టి సౌకర్యమున్నది. ఐఓఎస్ 18లో సెట్టింగ్స్, జనరల్, ఆటోఫిల్ అండ్ పాస్‌వర్డ్స్ అను వరుసలలో డిలీట్ ఆఫ్టర్ యూజ్ అని కనబడును. ఫోను తానే నింపిన సంఖ్యలను మాత్రమే అది తుడిచివేయును. ఈ వరుసలు లేని ఫోనులలో సందేశముపై వ్రేలు కొంచెముసేపు నొక్కియుంచి, చెత్తబుట్ట గుర్తును తాకిన చాలును. వారమున కొకమారు ఈ పని చేయుడు.

ఉంచుకొనవలసినవి

అన్నియు తుడిచివేయరాదు. 2025 నుండి సంస్థల సందేశములలో పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరము వచ్చుచున్నది. పీ అనిన ప్రకటన, ఎస్ అనిన సేవ, టీ అనిన లావాదేవీ, జీ అనిన ప్రభుత్వము. పీ గలవానిని నిస్సంకోచముగా తీసివేయవచ్చును. సొమ్ము జమ, ఖర్చులను తెలుపునవి, దరఖాస్తు సంఖ్యను తెలుపునవి భద్రపరుపవలెను.

వంటగ్యాసు సిలిండరునకు వచ్చు సంకేతసంఖ్య వేరు జాతికి చెందినది. అది తెచ్చినవానికి చెప్పవలసినదే. అయితే సిలిండరు గుమ్మము చేరిన తరువాతనే చెప్పవలెను. అది వచ్చుటకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును గనుక ఆ సంఖ్యను కాగితముపై వ్రాసియుంచుకొనుట మేలు.

తుడుపు చేయలేని పని

తుడిచివేయుట ఫోనును శుభ్రపరుచును గాని మనలను కాపాడదు. ప్రమాదమంతయు సంఖ్య సజీవముగా నున్న ఆ కొద్ది నిమిషములలోనే ఉన్నది. ఒకనికి చెప్పిన పిమ్మట తుడిచివేసినను, చెప్పిన మాట వెనుకకు రాదు.

మన హోసూరు ప్రాంతమున ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, ఫోనులో ఇంగ్లీషు. ఇంగ్లీషు రాని తల్లి ఆ సందేశమును అంగడిలో ఎవరికో చూపి చదివించుకొనుట మేమెరుగుదుము. ఆ చదివిపెట్టు పని ఇంటిలోని విద్యార్థిదే కావలెను. విద్యార్థులారా! అంకెలకంటె ముందు మాటలు చదువుడు. ఎవరు పంపిరి, ఏ పనికి, ఎంత సొమ్మునకు అను మూడు సంగతులను మీ అమ్మగారికి తెలుగులో చెప్పుడు. ఆమె "ఆ పని నేను అడగలేదే" అన్నచో ఆ సంఖ్యను ఎవ్వరికిని చెప్పనీయకుడు. బ్యాంకువాడనని ఫోనులో చెప్పినవానికైనను వలదు. పొరపాటున చెప్పి సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930కి ఫోను చేయవలెను. తమ బ్యాంకునకు కూడ తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును.

ఆ తండ్రి మరునాడు మరల వచ్చిరి. పాత సందేశములను ముందే తుడిచివేసి యుండిరి. ఈమారు వచ్చినది ఒక్క సంఖ్య. కుమారుడు మొదట మాటలు, పిదప అంకెలు చదివినాడు. దరఖాస్తు చేరినది.