మేకు లేని కుర్చీ... ధర పదిహేను కోట్లు!

చూడ్డానికి మామూలు చెక్క కుర్చీలు, నాలుగంటే నాలుగు. చేతులూ వీపూ కలిసిపోయి గుర్రపు నాడాలాగా ఒకే వంపుగా ఉంటాయి. బంగారు తాపడం లేదు, వెండి రేకు లేదు. 2015 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వారి వేలంలో ఆ నాలుగూ కలిపి 96 లక్షల 85 వేల డాలర్లకి పోయాయి! అప్పటి లెక్కన మన డబ్బులో దాదాపు అరవై కోట్లు. అంటే కుర్చీ ఒక్కింటికి పదిహేను కోట్లన్నమాట. "కూర్చోడానికా, దణ్ణం పెట్టుకోడానికా?" అన్నారు మా అత్తగారు వినగానే.

అవి చైనాలో 17వ శతాబ్దంలో చేసిన కుర్చీలు. చెక్క కుర్చీకి అంత ధరేమిటని మీకూ అనిపిస్తోంది కదూ?

చైనావాళ్లూ ఒకప్పుడు మనలాగే చాపలమీద కూర్చున్నవాళ్లే. సాంగ్ రాజుల కాలానికి (960–1279) ఎత్తు కుర్చీలూ బల్లలూ ఇళ్లల్లో మామూలైపోయాయి. ఆ తర్వాత మింగ్ వంశం (1368–1644) ఏలుబడిలో, 1567లో సముద్ర వ్యాపారం మీదున్న నిషేధం సడలించారు. దాంతో వేడి దేశాల గట్టి కలప ఓడల్లో దిగసాగింది. కర్ర గట్టిదైతే వడ్రంగి సన్నటి పని చెయ్యగలడు. అందుకే మింగ్ కాలం సామాను నాజూగ్గా, నగిషీ తక్కువగా, కళ్లకి చల్లగా ఉంటుంది. వెనకొచ్చిన చింగ్ రాజులకి నగిషీలంటే మోజు. సందు లేకుండా చెక్కించారు. నన్నడిగితే మింగ్ వాళ్లకే నా ఓటు. దుమ్ము దులుపుకునే ఆడవాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది!

అసలు విద్యంతా అతుకులో ఉంది. ఒక కర్రకి బెజ్జం తొలిచి, రెండో కర్ర కొసని అందులో సరిగ్గా ఇమిడేట్టు చెక్కి బిగిస్తారు. మేకు కొట్టరు. నాడా వంపు ఒకే కర్ర అనుకునేరు, మూడో అయిదో ముక్కలు అతికి చేస్తారు, అతుకు కనబడదు. బల్ల పైచెక్కని చట్రంలో గాడి తీసి వదులుగా కూర్చోబెడతారు. వానాకాలంలో మన తలుపులు ఉబ్బి పట్టేస్తాయి చూడండి... ఆ బల్లకి ఆ బాధ లేదు. చెక్క ఉబ్బినా ముడుచుకున్నా గాడిలోనే సర్దుకుంటుంది. ఎన్ని వందల ఏళ్లయినా చీలదు. గుస్టావ్ ఎకే అనే జర్మన్ పండితుడు ఈ అతుకుల్ని బొమ్మలు గీసి 1944లో పెకింగ్‌లో పుస్తకం వేసేదాకా బయటి దేశాలవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు.

ఇందులో మన ఆడవాళ్ల సంగతీ ఉంది. పెళ్లికూతురు సారెలో పందిరి మంచం ముఖ్యమైన సామాను. కలిగినవాళ్లయితే ముందు చిన్న వసారా కూడా కలిపి, గదిలో గదిలాంటి మంచం చేయించేవారు. పగలు అదే ఆవిడ కూర్చునే చోటు, రాత్రి అదే పడక.

ఇక ఖరీదు కట్టడం ఎలాగంటే... చేసినవాడి పేరు గానీ సంవత్సరం గానీ వీటిమీద సాధారణంగా ఉండవు. అందుకని ముందు కర్ర చూస్తారు. హైనాన్ దీవిలో పెరిగే హువాంగ్‌హువాలీ అనే తేనెరంగు కర్రకి విపరీతమైన గిరాకీ. ఆ నాలుగు కుర్చీలూ దానివే. అదే రూపం మామూలు ఎల్మ్ కర్రతో చేసిందయితే ధర ఎన్నో రెట్లు పడిపోతుంది. తర్వాత కాళ్లు చూస్తారు. నేల తేమకి పుచ్చిన కొసల్ని కోసేసి ఉంటే కుర్చీ పొట్టిదవుతుంది, ధరా పొట్టిదవుతుంది. రెండు పాత సామాన్ల ముక్కలు కలిపి ఒకటి చేసే మాయగాళ్లూ ఉన్నారు, అందుకని తిరగేసి అడుగుభాగం కూడా చూస్తారు. జత ఉంటే విలువ రెట్టింపుకి మించుతుంది. ఎవరింటి నుంచి ఎవరింటికి చేరిందో కాగితాలుంటే మరీ మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం నిగారింపు. తరాల తరబడి చేతులు తగిలి, గుడ్డతో తుడిచి తుడిచి వచ్చే మెరుపది. చైనావాళ్లు 'బావోజియాంగ్' అంటారు. గరుకు కాగితంతో ఒక్కసారి గీకి వార్నిష్ కొడితే చాలు, మూడొందల ఏళ్ల మెరుపు ఒక్క పూటలో పోతుంది. మళ్లీ ఎంత డబ్బు పోసినా రాదు. పండక్కి ఇల్లు సున్నం వేయిస్తూ తాతగారి టేకు బీరువాకి, నాయనమ్మ బోషాణానికి కూడా ఎనామిల్ రంగు కొట్టించేస్తాం చూశారా! మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, చాలు. పాతసామాను కొనేవాడు గుమ్మంలోకొచ్చి "పనికిరాని చెక్కేనమ్మా" అంటే ఆ మాటమీద ఇచ్చెయ్యకుండా, ఓ మంచి వడ్రంగికి ముందు చూపించండి.

ఇంకో కర్ర సంగతి చెప్పాలి. చైనా చక్రవర్తులు, ముఖ్యంగా 18వ శతాబ్దంలో ఏలిన చియన్‌లాంగ్, మోజుపడ్డ కర్ర జితాన్. ఊదారంగు కలిసిన నలుపు, నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. ఆయన కాలపు జితాన్ సింహాసనం 2009లో హాంగ్‌కాంగ్ వేలంలో ఎనిమిదిన్నర కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు పలికింది. ఆ జితాన్ ఏమిటో తెలుసా? ఇవాళ చైనా ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం అది మన ఎర్రచందనమే! అమ్మమ్మలు సానమీద అరగదీసి వాపులకి పట్టువేసే ఆ చెక్కే. తిరుపతి, కడప, నెల్లూరు వైపు కొండల్లో తప్ప ప్రపంచంలో అడవిగా మరెక్కడా పెద్దగా పెరగదు.

చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది, నరకడానికి ఒక్క రాత్రి చాలు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. అయినా దొంగరవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో, అంటే న్యూయార్క్‌లో ఆ కుర్చీలు అమ్ముడైన మరుసటి నెలలోనే, శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లూ ఎవరి ఇంటివాళ్లో కదా! తిరుపతి వెళ్లినప్పుడు ఎర్రచందనం బొమ్మ కొనాలనిపిస్తే, రోడ్డుపక్క చాటుగా చూపించేవాడి దగ్గర కాకుండా, రసీదిచ్చే దుకాణంలోనే కొనండి.