పాట అయిపోయిందని దానికెలా తెలుసు?

*రికార్డు మీద చివరి పాట ముగియగానే ముల్లు తనంతట తాను పైకి లేస్తుంది, పక్కకు జరుగుతుంది, తన చోట కూర్చుంటుంది. లోపల కంప్యూటరు లేదు, కన్ను లేదు. ఉన్నవల్లా ఒక మోటారు, ఒక పళ్ల చక్రం, గోరంత లివరు. అటకెక్కిన ఆటోమేటిక్ రికార్డు ప్లేయర్లలోని పనితనం, వాటిని మళ్లీ పాడించే పద్ధతి ఈ వారం ముఖచిత్ర కథనం.*

పెళ్లికీ తిరునాళ్లకీ మైకుసెట్టు పెట్టించే రోజుల్లో రికార్డు పక్కన ఒక మనిషి కనిపెట్టుకుని ఉండేవాడు. పాట అవగానే ముల్లెత్తాలి, ప్లేటు మార్చాలి, మళ్లీ అంచున ముల్లు దించాలి. ఆయన టీ తాగడానికి వెళ్లి ఆలస్యం చేస్తే కొబ్బరిచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి ఊరంతటికీ గరగరే వినిపించేది. ఆ మనిషి పనిని యంత్రానికి అప్పజెప్పినదే ఆటోమేటిక్ ప్లేయరు. ఇళ్లలో రేడియోగ్రామ్ కొనుక్కోగలిగినవాళ్లకు ఇంగ్లండులో తయారైన గ్యారార్డ్, బి.ఎస్.ఆర్. ఛేంజర్లు ఆ సుఖం చూపించాయి. పొడుగాటి ఊచకు నాలుగైదు రికార్డులు తగిలించి కూర్చుంటే చాలు, ఒకటి అయ్యాక ఇంకొకటి దానంతటదే జారిపడి పాడేది.

శ్రీహరికోట పక్కనున్న మన సూళ్లూరుపేటకు ఈ యంత్రంతో ఒక చుట్టరికం ఉంది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరిన దగ్గర్నుంచి దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు ఈ ఊరి దారి పట్టారు. అవి ఎల్పీ రికార్డుల రోజులు. తెలుగు సినిమా పాట పుట్టేది మద్రాసు స్టూడియోల్లో, ఆ మద్రాసు ఇక్కడికి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. పాత పుస్తకాలకూ పాత ప్లేట్లకూ అక్కడి మూర్ మార్కెట్ పేరుమోసింది. 1985 మే 30న అది కాలిపోయింది. ఆ స్థలంలో లోకల్ రైళ్ల స్టేషన్ కట్టారు. ఇప్పుడు సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కినవాళ్లు మద్రాసులో దిగేది ఆ మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లోనే.

కాలం మారి క్యాసెట్ వచ్చింది, సీడీ వచ్చింది, ఫోన్ వచ్చింది. రికార్డులను పారేయడానికి మనసొప్పక బీరువాలో దాచుకున్నారు. ప్లేయర్ మాత్రం ‘పాడైపోయింది’ అని అటకెక్కింది. వాటిలో చాలావరకు నిజంగా పాడైనవి కావు. లోపలి గ్రీజు గట్టిపడి బిగుసుకుపోయినవే.

ఒకే మోటారు, అన్ని పనులూ

మాన్యువల్ ప్లేయర్లో ముల్లు పెట్టడం, తీయడం రెండూ మన చేతి పనే. సెమీ ఆటోమేటిక్‌లో పెట్టడం మన వంతు, తీయడం దాని వంతు. ఫుల్లీ ఆటోమేటిక్‌లో బటన్ నొక్కడం వరకే మనది.

ఈ పనులకు వేరే మోటార్లు ఉంటాయనుకుంటాం. ఎక్కువ సెట్లలో ఉండవు. రికార్డును తిప్పే మోటారే ముల్లుండే ఆర్మ్‌నూ లేపుతుంది, జరుపుతుంది, దించుతుంది. రికార్డు కూర్చునే పళ్లెం ఎత్తి చూస్తే ఆ ఏర్పాటు కళ్లకు కడుతుంది. పళ్లెం అడుగున, నడిమధ్యలో చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దాని పక్కన అరచేతి వెడల్పున మెయిన్ గేరు. ఈ మెయిన్ గేరుకు ఒకచోట పళ్లు ఉండవు. పాట నడుస్తున్నంతసేపూ ఆ బోడి భాగమే చిన్న చక్రానికి ఎదురుగా ఉంటుంది. అందుకే పళ్లెం ఎంత తిరిగినా మెయిన్ గేరు కదలదు.

స్టార్ట్ నొక్కగానే ఒక లివరు మెయిన్ గేరును కొద్దిగా ముందుకు తోస్తుంది. పళ్లూ పళ్లూ కలుసుకుంటాయి. అక్కడి నుంచి మెయిన్ గేరు సరిగ్గా ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ చక్రం మీద వంకరటింకర గాళ్లు చెక్కి ఉంటాయి. ఆ గాళ్లలో నడిచే లివర్లు వరుసగా పని చేస్తాయి: ముందు ఆర్మ్ పైకి, తర్వాత రికార్డు అంచు మీదికి, చివరికి మెల్లగా కిందికి. చుట్టు పూర్తయ్యేసరికి బోడి భాగం మళ్లీ ఎదురుకొస్తుంది, చక్రం ఆగిపోతుంది. రాకెట్ ఎగిరే ముందు చివరి నిమిషాల్లో పనులన్నీ కంప్యూటరు ఒక వరుసలో నడిపిస్తుందని ఈ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఇక్కడ కంప్యూటరు లేకుండానే ఆ వరుసంతా ప్లాస్టిక్ చక్రం మీద చెక్కి పెట్టారు.

ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నారు. ఆర్మ్‌ను పక్కకు జరిపే లివరు దానికి గట్టిగా బిగించి ఉండదు, రబ్బరు మొన రాపిడితో పట్టుకుని లాగుతుంది. ఎవరైనా మధ్యలో ఆర్మ్ పట్టుకుంటే పట్టు జారుతుంది తప్ప ఏదీ విరగకూడదని ఈ ఏర్పాటు. వరుస ముగియగానే ఆ పట్టు పూర్తిగా వదిలేస్తుంది. పాట సాగినంతసేపూ ముల్లు స్వేచ్ఛగా గాడి వెంట నడవాలి కాబట్టి ఇది తప్పనిసరి.

ముగింపును కనిపెట్టే లివరు

ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా అపురూపంగా తోచే భాగం ఒకటుంది. పాట అయిపోయిందని దానికి ఎలా తెలుస్తుంది? ఒక్కో రికార్డు మీద పాట ఒక్కో చోట ముగుస్తుంది. ఒకదానిలో 18 నిమిషాలు, ఒకదానిలో 23. ఫలానా చోటికి రాగానే లేవమని ముందే చెప్పి పెట్టడం కుదరదు.

లెక్క చూడండి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ మీద 20 నిమిషాల పాటంటే సుమారు 667 చుట్లు. అన్ని చుట్లలో ముల్లు లోపలికి జరిగేది 8 సెంటీమీటర్లు. అంటే ఒక చుట్టుకు మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. పాట ముగిశాక వచ్చే ఖాళీ గాడి అలా ఉండదు, ఒక్క చుట్టులోనే ముల్లును కొన్ని మిల్లీమీటర్లు లోపలికి లాగేస్తుంది. పదుల రెట్ల తేడా. యంత్రం కనిపెట్టేది ఈ తేడానే. ముల్లు ఎక్కడుందన్నది కాదు, ఎంత వేగంగా జరుగుతోందన్నదే దానికి కావాలి.

నా ముందు బల్ల మీద పళ్లెం తీసిన ప్లేయర్ ఉంది. ఆర్మ్‌ను వేలికొనతో లోపలికి జరుపుతుంటే మెయిన్ గేరు అంచున గోరంత ట్రిప్ లివరు కదులుతోంది. ఇది ఆర్మ్‌కు బిగించి లేదు, కొద్దిపాటి రాపిడితో ఆనుకుని ఉంది. పళ్లెం అడుగున ఒక చిన్న బుడిపె ఉంటుంది. చుట్టుకొకసారి అది లివరు ముందు నుంచి వెళ్తుంది. పాట నడిచేటప్పుడు లివరు దాని దారిలోకి వచ్చేది వెంట్రుకవాసి మాత్రమే. బుడిపె వచ్చి దాని మొనను తాకి వెనక్కి తోసేస్తుంది. గడప దాటబోయే పసివాణ్ణి అమ్మమ్మ ప్రతిసారీ లోపలికి నెట్టినట్టు, ప్రతి చుట్టులోనూ ఇదే. కొన్ని సెట్లలో చివరి పాట నడిచేటప్పుడు చెవి దగ్గర పెడితే సన్నగా టిక్ టిక్‌మని వినిపిస్తుంది కూడా.

ఖాళీ గాడి రాగానే ఆర్మ్ ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. లివరు బుడిపె దారిలోకి బాగా వచ్చేస్తుంది. ఈసారి బుడిపె దాన్ని పక్కకు తోయలేదు, ఎదురుగా ఢీకొంటుంది. ఆ తాకిడికి లివరు మెయిన్ గేరును ముందుకు నెడుతుంది, పళ్లు కలుస్తాయి, వరుస మొదలవుతుంది. ఆర్మ్ లేస్తుంది, ఇంటికి వస్తుంది, మోటారు ఆగుతుంది. ఇంత పనికీ ఆధారం ముల్లు గాడిలో నడుస్తూ పక్కకు తోసే అతి కొద్దిపాటి బలమే. అందుకే ఆ లివరు గాలికి కదిలేంత తేలికగా ఉండాలి.

మొరాయించేది ఎక్కడ?

ఫ్యాక్టరీలో పూసిన గ్రీజుకు నలభై యాభై ఏళ్లు. అందులోని నూనె ఎండిపోయి, మిగిలింది పసుపుపచ్చగా గట్టిపడుతుంది. పులికాట్ సరస్సు మీద నుంచి వచ్చే ఉప్పుగాలి ఇనుప స్ప్రింగులకు తుప్పు పట్టిస్తుంది, ఆర్మ్ చివర ఉండే సన్నని కాంటాక్టులను నల్లబరుస్తుంది. వేసవి వేడికి రబ్బరు బెల్టు సాగుతుంది, రబ్బరు చక్రాలు నున్నబడి జారతాయి.

రోగ లక్షణం చూస్తే రోగం దొరుకుతుంది. పాట అయ్యాక ఆర్మ్ లేవకపోయినా, పాట మధ్యలోనే లేచిపోయినా, చివరి పాటలో ముల్లు ముందుకు సాగక అక్కడే కొట్టుకుంటున్నా ట్రిప్ లివరు జిగట పట్టిందని అనుమానించాలి. ఆర్మ్ లేచి పక్కకు రాకపోతే రబ్బరు మొన గట్టిపడిందనో, దానికి నూనె అంటిందనో అర్థం. జర్మనీ డ్యూయల్ సెట్లలో ఈ తరహా బాధకు కారణం చాలాసార్లు ఒక చిన్న తొడుగు. మెతకదనం పోయి అది రాలిపోతే అంత పెద్ద యంత్రమూ దారి తప్పుతుంది. వరుస మొదలై మధ్యలో పళ్లెం ఆగిపోతే గాళ్లలో గ్రీజు గట్టిపడింది, లేదా బెల్టు సాగింది. ఆర్మ్ ధన్‌మని పడితే దాన్ని మెల్లగా దించే గొట్టంలో చిక్కటి సిలికోన్ ద్రవం అయిపోయింది. ముల్లు రికార్డు బయటో పాట మధ్యలోనో దిగితే పెద్ద జబ్బేమీ కాదు, సర్దుకోవడానికి ఆర్మ్ మొదట్లో ఒక స్క్రూ ఉంటుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన పాత సెట్లకు ఇంకో చిక్కుంది. 110 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోదు. అక్కడి కరెంటు 60 సైకిళ్లు, ఇక్కడ 50. కరెంటు సైకిళ్లను బట్టి తిరిగే మోటారైతే ఆరింట ఐదు వంతుల వేగమే వస్తుంది. 33⅓ చుట్లు కాస్తా 28 లోపుకు పడిపోయి ఘంటసాల గొంతు కూడా బరువుగా సాగుతుంది. దానికి మందు 50 సైకిళ్ల పుల్లీ.

విప్పి చూద్దాం

ముందు ప్లగ్ తీసేయండి. ముల్లు తీసి భద్రపరచండి, ఆర్మ్‌ను క్లిప్పుతో కట్టేయండి. మధ్య ఊచకు క్లిప్పుంటే తప్పించి పళ్లెం నిలువుగా పైకి లాగండి. దేన్నీ విప్పకముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. స్ప్రింగు ఏ కొక్కేనికి ఉందో రేపు గుర్తుండదు.

విడిభాగాలు ఊడదీసే ముందు ఒక్కసారి చేత్తోనే వరుస నడిపి చూడండి. ఆర్మ్ క్లిప్పు తప్పించి, స్టార్ట్ లివరు నొక్కి, పళ్లాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు నెమ్మదిగా తిప్పితే ఏ లివరు ఎప్పుడు కదులుతుందో, ఎక్కడ బరువెక్కుతుందో వేళ్లకే తెలుస్తుంది. నా అనుభవంలో రోగం సగం ఇక్కడే దొరుకుతుంది.

తర్వాతి పని శుభ్రం. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పాత గ్రీజంతా తుడిచెయ్యాలి. కొత్తది పాతదాని మీద పూస్తే ప్రయోజనం లేదు. చక్రం మీది గాళ్లలో తెల్ల లిథియం గ్రీజు పలుచగా పూస్తే చాలు. మోటారు, పళ్లెం ఇరుసులకు కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు. ట్రిప్ లివరును మాత్రం తుడిచి పొడిగా వదిలెయ్యాలి. ప్రేమకొద్దీ అక్కడ నూనె వేస్తే దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుంది. నల్లబడ్డ కాంటాక్టులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దితే ఆగిపోయిన రెండో స్పీకరు పలుకుతుంది.

చివరగా ముల్లు బరువు. అయస్కాంతపు కార్ట్రిడ్జ్‌కు సుమారు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు, పాత సిరామిక్ రకానికి నాలుగు నుంచి ఆరు. చిన్న డిజిటల్ త్రాసుతో చూసుకుని ఆర్మ్ వెనక బరువును సర్దాలి. కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన అంకె ఉంటే దాన్నే పాటించాలి.

ఇవి చేయొద్దు

• వరుస నడుస్తుండగా ఆర్మ్‌ను పట్టుకుని ఆపొద్దు, లాగొద్దు. పని పూర్తి చేయనివ్వండి.
• కొబ్బరి నూనె, ఆముదం వాడొద్దు. అవి జిగటగా మారతాయి.
• ప్లాస్టిక్ చక్రాలకు థిన్నర్, పెట్రోలు తగలనీయొద్దు.
• బెల్టుకూ, రబ్బరు చక్రాలకూ, రబ్బరు మొనకూ నూనె అంటనీయొద్దు.
• ముల్లు దిగే చోటు స్క్రూను ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పొద్దు.
• అరిగిన ముల్లుతో మంచి రికార్డు వేయొద్దు. గాడి పోతే తిరిగిరాదు.

రికార్డు దాచితే సరిపోదు

1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలు రెండూ బయల్దేరినప్పుడు ఒక్కోదానికి ఒక్కో రికార్డు బిగించి పంపారు. రాగిపళ్లెం మీద బంగారు పూత, పన్నెండంగుళాలు, నిమిషానికి 16⅔ చుట్లు. అందులోని 55 భాషల పలకరింపుల్లో మన తెలుగూ ఉంది. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాట ఉంది. పంపినవాళ్లు రికార్డుతో ఊరుకోలేదు. కార్ట్రిడ్జ్, ముల్లు కూడా జతచేశారు. ముల్లు ఎక్కడ ఆనించాలో, చుట్టుకు 3.6 సెకన్లు పట్టాలని ఎలా లెక్కించాలో తొడుగు మీద బొమ్మలు గీసి మరీ పంపారు. పాడించే దారి చెప్పకుండా పాటను అప్పగిస్తే అది చేరినట్టు కాదని వాళ్లకు తెలుసు.

ఆ శ్రద్ధ మనకు ఇంట్లో కావాలి. 1974లో ఘంటసాల వెళ్లిపోయాక విడుదలైన భగవద్గీత ఈ రోజు ఫోన్లో దొరుకుతుంది. కానీ నాటక పద్యాలు, హరికథలు, మళ్లీ అచ్చు కాని చిన్న సినిమాల పాటలు ఎన్నో ఆ నల్లటి ప్లేట్ల మీదే ఉండిపోయాయి. వాటి గాళ్లు బాగున్నా, పాడించే యంత్రాన్ని పాత సామాన్లవాడికి వేసేస్తే అవి మూగవైపోతాయి.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. బెల్టు, ముల్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే మద్రాసు రిచీ స్ట్రీట్ లోకల్ రైలు దూరంలోనే ఉంది. కావలసింది ఓపిక, నేర్చుకునే చేతులు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఒక పాత ప్లేయరు పళ్లెం ఎత్తి చూపించండి. గేరు, కామ్, రాపిడి, వేగం అని పుస్తకంలో వేర్వేరు పాఠాలుగా చదివినవి ఒకేచోట కలిసి పని చేయడం చూస్తారు. అలా నేర్చుకున్నవాళ్లు ఊరికి ఇద్దరున్నా చాలు, మన రికార్డులు ఇంకో తరం పాడతాయి.